నిమ్మకాయల మీద దిగిన కారు

కారులో ఏదో శబ్దం వస్తోందని చెప్పడానికి వచ్చిన మనిషిని మధ్యలో ఆపకండి. సర్వీస్ అడ్వైజర్‌గా కొత్తగా చేరిన మీకు నేను చెప్పగలిగేది ఇదొక్కటే. మిగతాదంతా మీ చేతిలోని ట్యాబ్ చెబుతుంది. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరూ ఎదురు మాట్లాడనివాళ్లు మా కౌంటర్ ముందు నిలబడి, పెదవులు ముడుచుకుని ‘కుయ్’ అనీ ‘గడగడ’ అనీ అంటుండేవారు. ఒక రిటైర్డ్ పోలీసు అధికారి అయితే గాల్లో స్టీరింగ్ పట్టుకుని ఒళ్లంతా ఊపి చూపించారు. అలాంటప్పుడు నవ్వు ఆపుకోవడం ఎలాగో మాకెవరూ నేర్పలేదు. నేను బీఎస్సీ చదివాను కాబట్టి ఆపుకోగలుగుతున్నానని మా యజమాని నమ్మేవాడు. డిగ్రీ వల్ల నాకు కలిగిన లాభం అదే అయినా, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

మా గ్యారేజీ కొత్తపేట మెయిన్ రోడ్డు నుంచి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వైపు తిరిగే సందులో ఉండేది. మార్కెట్ అప్పటికింకా తరలిపోలేదు. మా సందులో ఏ నెల నడుస్తోందో తెలియడానికి క్యాలెండర్ అక్కర్లేదు, ముక్కు చాలు. మామిడి, బత్తాయి, దానిమ్మ, వాన పడితే అన్నీ కలిపి. లారీలు తిరిగి తిరిగి రోడ్డంతా గుంతలు. సస్పెన్షన్ పని చేసేవాళ్లకు అంతకన్నా మంచి టెస్ట్ ట్రాక్ దొరకదు. ఇప్పుడు మార్కెట్ లేదు, రోడ్డు బాగుపడింది. గ్యారేజీ ఉన్నచోట బట్టల దుకాణం వచ్చింది. అప్పుడప్పుడూ వెళ్లి చొక్కాలు చూస్తుంటాను. కొనను.

గ్యారేజీ నడిచేది ముగ్గురి మీద. యజమాని కోస్తా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ పెద్దమనిషి. హెడ్ మెకానిక్‌ది నల్గొండ దగ్గర పల్లె, అందరికీ ఆయన ఉస్తాద్. ఎంత పెద్ద బండినైనా విప్పి బిగించగలడు గానీ, ఇంకొకరు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చోలేడు. సందు దాటేలోపే వాంతి. ఈ సంగతి బయటికి పొక్కకుండా మేమంతా కాపాడేవాళ్లం. మూడోవాణ్ణి నేను, సర్వీస్ అడ్వైజర్‌ని. యాభై దాటినవాణ్ణి, ఒంటరిని. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, మధ్యలో ఎక్కడో వాయిదా పడి తర్వాత గుర్తు రాలేదని చెప్పేవాణ్ణి. జనం నవ్వేవారు. నిజం చెప్పి నవ్వించడం నాకున్న ఒకే ఒక కళ.

యజమానికి ఒక నియమం ఉండేది. పెద్ద పని జరిగిన ఏ బండయినా లిఫ్ట్ మీంచి నాలుగు నిమ్మకాయల మీదికే దిగాలి, చక్రానికొకటి. నిమ్మకాయ నలిగాక, బండి గేటు దాటి వెళ్లేదాకా దానికి పానా తగలకూడదు. తగిలితే నలిగిన నిమ్మకాయలతో పోయిన దిష్టి మళ్లీ వచ్చి కూర్చుంటుందట. ఎప్పుడో ఒకసారి ఈ నియమం తప్పితే, బండి మా గేటు స్తంభానికే గుద్దుకుందట. ఆ రోజు నడిపింది యజమానేనన్న సంగతి ఉస్తాద్ నాకు విడిగా చెప్పాడు.

మేడం మా దగ్గరికి వచ్చింది ఎండాకాలం సెలవుల్లో. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్. వనస్థలిపురంలో తల్లితో కలిసి ఉండేది. వాళ్లది పోచంపల్లి వైపు నేతపని చేసిన కుటుంబం. వయసు నాకన్నా కొంచెం తక్కువ. చౌటుప్పల్ దాటాక లోపలికి ఎక్కడో ఉన్న కాలేజీకి బదిలీ అయింది. హైవే దిగిన తర్వాతి దారిలో ఆమె కారు అడుగు నేలకు గీసుకుంటోంది. కారు ఎత్తు పెంచాలి, గట్టి స్ప్రింగులు, కొత్త షాకబ్జర్లు వేయాలి, లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చాలి. అన్నీ చేశాం. బండి నిమ్మకాయల మీద దిగింది, మేడం సంతోషంగా వెళ్లింది. ఆ వారంలోనే తిరిగొచ్చింది.

“శబ్దం వస్తుంది సార్.”

“ఎలాంటి శబ్దమండీ?”

నేను నా ముఖాన్ని సిద్ధం చేసుకున్నాను. ఆమె ఏ శబ్దమూ చేయలేదు.

“మగ్గం మీద నాడె ఇటు నుంచి అటు పోయి కొట్టుకుంటది చూడున్రి, అట్ల. ఒక్కటే దెబ్బ. మా నాయిన నేస్తుంటే చిన్నప్పుడు ఆ సప్పుడుకు నిద్ర పట్టేది. దీనికి ఉన్న నిద్ర పోతుంది.”

ఇన్నేళ్లలో ఒక శబ్దాన్ని అంత శుభ్రంగా వర్ణించినవాళ్లు నాకు తగల్లేదు. వెంటనే అర్థం చేసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే ఆగేది.

ఉస్తాద్ బండి తీసుకుని మార్కెట్ చుట్టూ తిరిగొచ్చాడు. శబ్దం లేదు. నేను తిప్పాను. లేదు. మేడం నడిపితే మాత్రం గేటు దాటిన మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గరే ముందు ఎడమ చక్రం కింద టక్కుమంది. పక్క సీట్లో ఉన్న ఉస్తాద్ విన్నాడు, మరుక్షణం తలుపు తెరిచి దిగిపోయాడు. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

“సారూ, మేడం నడిపితేనే ఒస్తుంది. పక్కన మీరే కూసోవాలె. నాతోని కాదు.”

అలా నాకు ఆ డ్యూటీ పడింది.

మొదట యాంటీరోల్ బార్ లింకులు మార్చాం. టక్. షాకబ్జర్ పైన ఉండే మౌంట్లు విప్పి చూశాం. టక్. డిక్కీలో ఏదో దొర్లుతోందేమోనని ఖాళీ చేశాం. స్టెప్నీ, జాకీ, వాటి కింద పాత పేపర్ల మధ్య అణిచిపెట్టిన ఆకులు కట్టలు కట్టలుగా. అవి శబ్దం చేసే రకం కాదు. ఎలుక దూరి ఉంటుందని యజమాని అన్నాడు. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడే కదిలే ఎలుక ఉంటుందా అని ఉస్తాద్ అడిగాడు. హైదరాబాద్ ఎలుకలు అన్నీ నేర్చుకుంటాయని యజమాని జవాబిచ్చాడు.

విప్పి బిగించిన ప్రతిసారీ టెస్ట్ డ్రైవ్ ఉండేది. గ్యారేజీ నుంచి మార్కెట్ పక్కగా, కొత్తపేట మీదుగా, మెట్రో స్తంభాల నీడలో ఎల్బీనగర్ చౌరస్తా దాకా. అక్కడ్నుంచి వనస్థలిపురం కాలనీల్లోకి, ఎందుకంటే స్పీడ్‌బ్రేకర్లు అక్కడ సమృద్ధి. ప్రతి కాలనీ సంఘానికీ సొంతంగా ఒకటి ఉంటుంది. సంఘంలో చీలిక వస్తే రెండు. శబ్దం వినాలి కాబట్టి ఏసీ ఆపేవాళ్లం, పాటలు ఉండవు, మాట్లాడకూడదు. స్పీడ్‌బ్రేకర్‌కూ స్పీడ్‌బ్రేకర్‌కూ మధ్యలో మాత్రం మాట్లాడుకోవచ్చని ఒక ఒప్పందం దానంతటదే కుదిరింది.

ఆ మధ్యలోనే ఆమె నాకు చెట్లు చూపించింది. గ్యారేజీ ముందున్న చెట్టు కింద నేను ఏళ్ల తరబడి స్కూటర్ పెట్టాను. దాన్ని సీటు పాడుచేసే చెట్టుగానే ఎరుగుదును. అది కానుగట.

“పేరు తెల్వకుండనే ఇన్నేండ్లు దాని నీడల ఉన్నరా?” అంది.

“అదీ నా పేరు అడగలేదండీ.”

ఆమె నవ్వింది. స్టీరింగ్ కొంచెం కదిలింది. “మాటకొక అండీ పెడ్తరు మీరు. మా స్టాఫ్ రూంల అయితే మిమ్మల్ని ఏడిపిద్దురు.”

మా సందులో ఎవరు ఎవరిని పిలిచినా అన్నా అనే పిలిచేవారు. పండ్ల బండివాడు, కస్టమర్లు, కరెంటు బిల్లు ఇచ్చేవాడు, ఉస్తాద్‌కు తప్ప అందరికీ నేను అన్ననే. ఆమె నోట ఆ మాట ఎప్పుడు వస్తుందా అని కొన్నాళ్లు బిక్కుబిక్కుమంటూ గడిపాను. రాలేదు. సార్ అనే అనేది. సార్ అనే పిలుపులో పెద్ద విశేషమేమీ లేదని నాకు తెలుసు. ఆ ఎండాకాలం నాకు అది చాలా బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు మార్కెట్ దగ్గర ఆపి బత్తాయిలు తీసుకునేది. వాళ్లమ్మకు బత్తాయి రసం ఉండాలట. నాకొకటి ఇచ్చేది. డ్యూటీలో ఉండి కస్టమర్ ఇచ్చింది తీసుకోకూడదని మా గోడ మీద రాసి ఉండేది. పండు సంగతి అందులో స్పష్టంగా లేదు.

సెలవులు అయిపోవచ్చాయి. ఒక మధ్యాహ్నం ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు.

“సార్, ఒక మాట అడుగుతా, దాచకుండ చెప్పున్రి. ఇది అపాయమా?”

“ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసేదాకా అవునని గానీ కాదని గానీ చెప్పలేనండీ.”

“సోమవారం కాలేజ్ తెరుస్తరు. పొద్దున పోవుడు, చీకటయ్యే యాళ్లకు వచ్చుడు. అమ్మను వదిలి అక్కడ రూం తీసుకునేటట్టు లేదు. హైవే మీద లారీల నడుమ ఒక్కదాన్నే పోతా. అది టక్కుమన్నప్పుడు పక్కన మీరుండరు కదా, ఏం కాదు పోనీయున్రి అననీకి.”

“ఉండనండీ” అన్నాను.

పచ్చ లైటు పడింది. ఆ మాటను ఇంకో రకంగా కూడా అనవచ్చని ఎల్బీనగర్ చౌరస్తా దాటాక తట్టింది. అంతకన్నా ముఖ్యమైనది ఒకటి తట్టింది. ఆ శబ్దం పోవాలని ఆమె కోరుకుంటున్నంతగా నేనూ కోరుకుంటున్నాను. హైవే మీద ఆమె చక్రానికి ఏమైనా అయితే అన్న ఊహ వచ్చాక రాత్రి అన్నం సహించలేదు. శబ్దం పోతే ఈ డ్రైవ్‌లూ పోతాయన్న సంగతి కూడా లెక్కలో ఉంది. అది రెండోది.

మర్నాడు మళ్లీ బయల్దేరాం. సోమవారానికి ముందు అదే ఆఖరి పనిదినం. మార్కెట్ పక్కన ఒక మామిడిపండ్ల లారీ సగం రోడ్డు ఆక్రమించి నిలబడింది. ఆ ఇరుకులో స్పీడ్‌బ్రేకర్ మీదికి ఆమె బండిని తిన్నగా ఎక్కించక తప్పలేదు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కి దిగాయి.

శబ్దం రాలేదు.

“ఏంది, రాలే?” అంది ఆమె.

తర్వాతి స్పీడ్‌బ్రేకర్ దగ్గర దారి ఖాళీగా ఉంది. ఆమె స్టీరింగ్ పక్కకు తిప్పి, ఏటవాలుగా, ముందు ఎడమ చక్రం ఒక్కదాన్నే ఎక్కించింది. టక్.

మన ఊళ్లో ఎత్తు తక్కువ కార్లున్న వాళ్లంతా చేసేదే. తిన్నగా ఎక్కితే అడుగు తగులుతుందని ఒక్కో చక్రాన్నే ఎక్కిస్తారు. ఇన్ని రోజులూ ఆమె అలాగే ఎక్కిస్తోంది, నేను గమనించలేదు. టెస్ట్ డ్రైవ్‌లో అడ్వైజర్ చూపు రోడ్డు మీద ఉండాలి. నా చూపు అక్కడ ఉండేది కాదు.

“అలా పక్కకు ఎందుకండీ ఎక్కిస్తున్నారు? ఇప్పుడు ఎత్తు పెంచాం కదా.”

“కారుకు ఎత్తు పెరిగింది సార్. నా చేతులకు ఎవరు చెప్పిన్రు?”

అప్పుడు అర్థమైంది. ఉస్తాద్, నేను కొత్త స్ప్రింగుల మీద నమ్మకంతో తిన్నగా ఎక్కించేవాళ్లం. ఆమె మాత్రం ఒక్క చక్రం మీదే బరువు మోపి మెలిపెడుతోంది. మెలిపడ్డప్పుడే ఏదో కాస్త పక్కకు జరిగి ఆనుకుంటోంది. గిలక్కాయలా గలగలమని కాదు, ఒక్కటే దెబ్బ. నాడె పోయి ఆగినట్టు. అంటే రంధ్రంలో బోల్టు. బోల్టు జరిగేంత వదులుగా ఉన్నది ఏది?

“బండి ఆపండి” అన్నాను. ఆమెతో అండీ లేకుండా మాట్లాడేంత దగ్గరితనం లేదు గానీ, ఆ రోజు గొంతు మాత్రం పెరిగింది. అక్కణ్ణుంచి గ్యారేజీ దాకా బండిని మనిషి నడిచేంత వేగంలో నేనే నడిపి తెచ్చాను.

గ్యారేజీలో బండి అడుగు చూసేందుకు తవ్విన గుంత మీద నిలబెట్టాం. ఉస్తాద్ కిందికి దిగి చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బోల్టుకు పానా పెట్టాడు. పానా సులువుగా తిరిగింది. కుడివైపుదీ అంతే. ఆమె ఎప్పుడూ ఎడమ చక్రాన్నే ముందు ఎక్కించేది కాబట్టి కుడిది ఇంకా నోరు తెరవలేదు. ఉస్తాద్ గుంతలోనే కూర్చుండిపోయాడు.

మీకు తెలియని సంగతి కాదు. బుష్‌లో రబ్బరు ఉంటుంది. బండి లిఫ్ట్ మీద వేలాడుతున్నప్పుడు ఆ బోల్టును గట్టిగా బిగించేస్తే, కిందికి దిగి బరువు పడగానే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. అందుకే పైన సగం బిగించి, నేల మీద బరువు పడ్డాక మిగతా సగం బిగిస్తారు.

“ఆ మిగతా సగం ఏమైంది ఉస్తాద్?”

ఉస్తాద్ యజమాని గది వైపు చూసి గొంతు తగ్గించాడు.

“ఎప్పుడైనా ముందుగాల ఉత్తగ దించుత సారూ. బిగిస్త. మల్ల జర లేపి, అప్పుడు సేటును పిలుస్త నిమ్మకాయలకు. సేటుకు తెల్వది. గా రోజు రాహుకాలం ఒస్తుందని సేటే ముందుగాల వచ్చి కాయలు పట్టుకోని నిలవడ్డడు. దించిన. నిమ్మకాయ పగిలింది. ఇగ పానా ముట్టనిస్తడా? మేడం తోలుకోని పోయింది. వాపస్ వచ్చినంక బిగిద్దామనుకున్న. వచ్చినంక లింకులు, మౌంట్లు అనుకుంట తిరిగినం గని, ఇది యాదికే రాలే.”

యజమాని రానే వచ్చాడు. విషయం చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన మెడలో రుద్రాక్ష సవరించుకుని, గుంత చుట్టూ ఒకసారి తిరిగి, మేడం వైపు చేతులు జోడించాడు.

“చూశారామ్మా. ఇంత వదులుగా ఉండి కూడా ఇన్నాళ్లూ మీకేం కాలేదంటే, ఆ నిమ్మకాయలు పెట్టబట్టే.”

కొన్ని వాదనలు ఎంత గట్టిగా బిగించి ఉంటాయంటే, వాటికి పానా పెట్టడం దండగ. ఆ తర్వాత మాత్రం ఉస్తాద్ తల ఊపాకే నిమ్మకాయలు పెట్టాలన్న సవరణను ఆయన తన సొంత ఆలోచనగా ప్రకటించాడు.

బోల్టులు కొత్తవి వేసి, బరువు మీదే బిగించాలి. ఉస్తాద్ గుంతలోంచి కేకేశాడు.

“మేడం, జర లోపల కూసోన్రి, బండి మీద బరువు పడాలె. సారూ, మీరు పక్క సీట్ల.”

ఎక్కి కూర్చున్నాం. బండి కదలదు, వినవలసిన శబ్దం లేదు, చూడవలసిన రోడ్డు లేదు. ఎదురుగా గ్యారేజీ గోడ. కింద ఉస్తాద్ పానా లాగినప్పుడల్లా బండి సన్నగా ఊగుతోంది, మా ఇద్దర్నీ ఒకేసారి.

“నడ్వని బండ్ల ఇట్ల కూసోవుడు ఇదే మొదటిసారి” అంది ఆమె, గోడనే చూస్తూ.

“నాకూనండీ.”

నా దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉంది. కొన్ని రోజులుగా ఉంది. బండి కోసం కాకుండా ఒకసారి ఊరికే కలుద్దామా అన్నదే ఆ వాక్యం, అందులో సాహిత్యం ఏమీ లేదు. మొదటి మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

“అయిపోయింది సారూ, దిగున్రి!” అన్నాడు ఉస్తాద్ కింద నుంచి.

దిగాం.

ఆఖరి టెస్ట్ డ్రైవ్‌కు అదే దారిన వెళ్లాం. లారీ పోయింది. మార్కెట్ ముందు స్పీడ్‌బ్రేకర్ దగ్గర “పక్కకే ఎక్కించండి” అన్నాను. ఎక్కించింది. ఏమీ లేదు. కొత్తపేటలో, ఏమీ లేదు. గుంతల మీద, రాళ్ల మీద, ఎక్కడా ఏమీ లేదు. ఇద్దరం ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ వింటూనే ఉన్నాం. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర మలుపు తిరిగి, తిరిగి వచ్చేటప్పుడు ఒకచోట ఆమె బండి పక్కకు ఆపింది. ఇంజన్ ఆపలేదు.

“ఇంకొక రౌండ్ కొడ్దామా సార్? వనస్థలిపురం దిక్కు పోలే ఇయ్యాల. అటు కూడ చూస్తే…”

వాక్యం అక్కడే వదిలేసింది. ఆ క్షణంలో నేను గ్యారేజీ ఉద్యోగిని. కస్టమర్ పెట్రోలు, కస్టమర్ సమయం వృథా చేయకూడదు. జవాబు నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఏళ్ల తరబడి అలవాటైన చేతులు స్టీరింగ్‌ను పక్కకు తిప్పినట్టు వచ్చింది.

“అవసరం లేదండీ. పూర్తిగా పోయింది.”

ఆమె “సరే” అంది. గేరు వేసింది. కొంతదూరం పోయాక, చౌటుప్పల్‌లో కాలేజీ దారిలోనే ఒక వర్క్‌షాప్ ఉందనీ, బండి రోజంతా అటువైపే ఉంటుంది కాబట్టి ఇక సర్వీసులు అక్కడే చేయిస్తే సరిపోతుందేమోననీ అంది. అదే సులువన్నాను. మంచి సలహాలివ్వడానికే కదా నాకు జీతమిచ్చేది.

గేటు దగ్గర దిగాను. ఆమె కిటికీలోంచి తల కొంచెం వంచి, “పోయొస్త సార్” అంది. సందు చివర కారు మలుపు తిరిగింది. స్పీడ్‌బ్రేకర్ మీద తిన్నగా వెళ్లిందో ఏటవాలుగా వెళ్లిందో ఈసారి చూశాను. తిన్నగానే వెళ్లింది.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“పోయిందా సారూ?”

“పోయింది ఉస్తాద్.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత సందు చివరికి చూశాడు.

“మంచి బండి” అన్నాడు.

“చాలా మంచి బండి” అన్నాను.

లోపల లిఫ్ట్ మీద ఇంకో కారు వేలాడుతోంది, యజమాని పిలుస్తున్నాడు. అయినా ఇద్దరం ఇంకాసేపు అక్కడే నిలబడ్డాం.